బతికినవెన్ని

బలుసుతిప్ప రేవులో పాటుకి నీళ్లు తీసేదాకా ఆగి
మోకాలి లోతు బురదలోకి దిగాం పదకొండు మందిమి.
మెడల్లో స్కార్ఫులు, చేతుల్లో మడ మొక్కలు,
ఒడ్డున చెప్పుల గుట్ట.
"నాటినవి తొక్కకండర్రా!"
పడవలోంచే కేకేశారు వీర్రాఘవులు మాస్టారు.
ఆయన కాలు మొన్న ఆలిచిప్ప కోసింది.

మూడు నెలలకి ఫారాలొచ్చాయి.
అందులో గడి ఒకటే: నాటినవెన్ని?
తలా రెండు వందలని రాశాం, గుండ్రంగా.
నూకరత్నం ఒక్కత్తే పెన్ను మూత నములుతూ కూర్చుని
గడి పక్కన ఖాళీలో ఇరికించి రాసింది:
బతికినవి నలభై ఒకటి.
గేదెలు మేసినవి చాలా. పీతలు కొరికినవి కొన్ని.
ఒకటి నేనే తొక్కాను.

కాకినాడ నుంచి బ్యాడ్జీలు పది వచ్చాయి.
"నీది వివరణ అడిగారమ్మా," అన్నారు మాస్టారు
డబ్బా మూత వెతుక్కుంటూ.
తను స్కార్ఫు మడత సరిచేసుకుంది, అంతే.

ఇంటి దగ్గర నాన్న
వల బాగుచేస్తున్న వేళ్లతోనే తడిమి చూసి
"ఇత్తడా?" అన్నాడు.
అవునన్నాను. తెలీదు నిజానికి.

ఆదివారం పాటుకి
ఎవరూ పిలవకుండానే వెళ్లాను.
అప్పటికే ఉంది నూకరత్నం, లంగా ఎగదోపుకుని,
గేదెల దారికి అడ్డంగా చిరుగుల వల కడుతూ.
"ఆ కొస పట్టుకో."
పట్టుకున్నాను.
మొక్కలకి నాలుగేసి ఆకులు,
ఆకుల మీద ఉప్పు, తెల్లగా, నాకి చూడొచ్చు.
చొక్కా మీది బ్యాడ్జీని
తనకి కనపడకుండా మూసుకుందామంటే
రెండు చేతులా వల.