గంటకు ఇరవై

నేను చూడని ఊళ్లకు దారులు రాయడం నా ఉద్యోగం.
హిమాయత్‌నగర్‌లో రెండో అంతస్తు,
కిటికీకి అడ్డంగా పక్కవాళ్ల ఏసీ వీపు.
అక్కడ కూచుని చెప్తుంటాను
ఫ్రాన్సులో ఒక ఏటి పక్కన ఎక్కడ బండి ఆపాలో,
ఏ వంతెన మీద మంచు ఎన్నింటికి విడుతుందో.

ఆ నదికి ఒకటే అక్షరం, ఒక పొల్లు.
నాలుక మడిస్తే లోటు,
పళ్లకు ఆనిస్తే లోతు.
"అక్కడివాళ్లు ఎట్లంటారు?" అడిగింది నుస్రత్ మేడమ్.
పళ్లకే ఆనిస్తారట మేడమ్.
"అయితే పోదాం."

నీళ్ల శాఖలో ముప్పయ్యొక్కేళ్లు చేసి దిగిన మనిషి.
ఎనిమిది రోజులు, స్టీరింగ్ తన చేతిలోనే,
రోజుకు నలభై కిలోమీటర్లు దాటకూడదు.
రాసిచ్చాను.
సున్నపురాతి కొండలు, అక్రోటు చెట్లు,
మూడో రోజు మధ్యాహ్నం ఏమీ చేయకండి, అని కూడా.

తర్వాత కంటి డాక్టరు చెప్పాడు:
చూపు నడిమధ్యన మచ్చ. బండి ముట్టుకోవద్దు.

డబ్బు వాపసుకు వచ్చిందనుకున్నా.
ప్లాను బల్ల మీద పెట్టి
"కాగితం ఇదే ఉండనీ, నది మార్చు" అంది.

ఆదివారం ఆరింటికి గండిపేట కట్ట.
అద్దెకారు, ఎవరిదో ఎండిన నిమ్మకాయ ముందు వేలాడుతూ.
"ఇరవై దాటితే దిగిపోతా."
వెనక హారన్లు.
ఒక ఆటో అతను పక్కకొచ్చి లోపలికి తొంగిచూశాడు,
ఎవరైనా పోయారేమోనని.

మొదటి రోజు: రెండు ఏర్లు కలిసేచోట ఆగండి.
బాపూఘాట్ దగ్గర ఆగాం.
ఈసా ఏది, మూసా ఏది, నాకు తెలియలేదు.
మేడమ్ మొహం పక్కకు తిప్పింది.
నచ్చలేదనుకున్నా.
కాదు, ఆమెకిప్పుడు ఎదురుగా ఉన్నది
కంటి అంచునే దొరుకుతుంది.
ఈ వంతెనల మీద రోజూ మొహం తిప్పుకునే
మేమందరం గుర్తొచ్చి
కాసేపు మాట్లాడలేదు నేను.

నాలుగో రోజు: ఆ ఊరి రొట్టె కొని ఒడ్డున తినండి.
పురానాపూల్ దగ్గర కుల్చాలు కొన్నాం.
మూసీ కదా, అద్దాలు మూసి ఉంచాను.
"దించు. ఈ వాసన మీదే నా సంతకాలన్నీ."
దించాను. తిన్నాం.
మూడో కుల్చాకి వాసన కొంచెం వెనక్కి తగ్గింది,
లేదా మేమే ముందుకెళ్లాం.

నాగోలు దాటాక నురగ.
తెల్లగా, గుట్టలుగా,
ఫొటోలో అయితే అందమే.
దాని పక్కనే పచ్చగా గడ్డి మళ్లు, కొంగలు.
మోపు దించుకుంటూ ఒకావిడ అడిగింది:
"ఏం బోగొట్టుకున్నరు?"
ఏం లేదమ్మా, టూరు.
"టూరా!"
మోపు మీద కూలబడి నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"మరి నాకెంతిస్తరు, రోజూ ఈడనే ఉంట?"
మేడమ్ మిగిలిన కుల్చా ఇచ్చింది.
ఆమె వాసన చూసి, కొంగున కట్టుకుంది.

మూడో రోజు సంగతి అప్పుడు గుర్తొచ్చింది.
గట్టు మీద కూచుని
రెండు గంటలు ఏమీ చేయలేదు.
నీళ్లు నల్లగా పోతూనే ఉన్నాయి,
ఎవరి ప్లానూ చదవకుండా.

చీకటి పడ్డాక ఎల్బీనగర్‌లో బండి అప్పగించాం.
కుర్రాడు మీటరు చూశాడు.
నలభై ఒకటి.
"పొద్దట్నుంచి ఇంతేనా సార్? ఎక్కడికీ పోలేదా?"

మేడమ్ మొహం పక్కకు తిప్పింది.
అంటే,
అతణ్ని సరిగ్గా చూస్తోంది.