గిట్టుబాటు

రోజూ సాయంత్రం ఎవరో ఒకరు అడుగుతారు,
నేను సిలిండర్లలో గాలి నింపుతున్నప్పుడు,
కంప్రెసర్ మోత మీదుగా గొంతు పెంచి,
రాత్రి డైవింగ్ గిట్టుబాటవుతుందా అని.

అరవై డాలర్లు. దీపం అద్దె వేరు.

ఏం చెప్పను?
తొమ్మిదో ఏట చెవిలో పొర చిరిగింది.
అప్పట్నుంచీ సముద్రం మోకాలి దాకానే నాది.
ఈ బొనేర్ దీవిలో పుట్టి, అరవై ఏళ్లు దాని చుట్టూ తిరిగి
లోపలేముందో తిరిగొచ్చిన వాళ్ల ముఖాల్లో చూసుకున్నాను.
ముఖం కన్నా గేజీ ముల్లు నిజం చెబుతుంది.
భయపడ్డవాడు గాలంతా తాగేసి వస్తాడు,
మైమరచినవాడు సగం మిగుల్చుకొస్తాడు.

మా నాన్న ఉబాల్డో కూడా రాత్రిళ్లు వెళ్లేవాడు,
గాలానికి ఏదో ఒకటి పడితేనే మాకు పొయ్యి వెలిగేది.
ఆయన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు.

ఇవాళ అడిగింది అన్నెలీస్.
డచ్చి బడిపంతులమ్మ, ఎండకు ముక్కు మీద తోలు లేచిపోయింది.
పక్కన ఆమె మొగుడు వీబే వేళ్ల మీద గంటలు లెక్కపెడుతున్నాడు.
రేపు రాత్రి తొమ్మిదికి విమానం,
నీళ్లలోంచి వచ్చాక ఒక రాత్రీ ఒక పగలూ నేల మీదే ఉండాలి,
ఎనిమిదికల్లా పైకొస్తే సరిపోతుంది.
సరిపోయినందుకు అతని ముఖం చిన్నబోయింది.
మేకమాంసం కూర తిని పడుకోవాలని ఉంది పాపం.
"పగలు చూసిన పగడాలే కదా,
చీకట్లో కొత్తగా ఏముంటాయి?"

ఉంటాయి అన్నాను.
ఉప్పు రేవు స్తంభాల మీద
పగలంతా బిగించిన నారింజరంగు పిడికిళ్లు
రాత్రయితే వేళ్లు విప్పుతాయట.
చిలకచేప తన జిగురుతో తనే దోమతెర కట్టుకుని
అందులో నిద్రపోతుందట.
నా దగ్గర ఉన్నవన్నీ 'అట'లే.

ఒకటి మాత్రం దాచలేదు.
దీపం పట్టుకున్న వాళ్ల వెనకే టార్పన్ వస్తుంది,
మనిషంత పొడుగు, ఒళ్లంతా వెండి రేకులు.
ఎంత బాగుందో అని మీరు దేని మీద వెలుగు నిలుపుతారో
దాన్ని మీ భుజం పక్కనుంచి వచ్చి మింగేస్తుంది.

వీబే నవ్వాడు. ఆమె నవ్వలేదు.
"వెళ్తాను," అంది.
చిల్లర లెక్కపెట్టినంత సేపు కూడా పట్టలేదు.

మా అన్న కొడుకు జురీనో తోడు దిగాడు.
పున్నమి వెళ్లి మూడో రాత్రి, చంద్రుడింకా రాలేదు.
ఒడ్డున పసుపు రంగేసిన రాయి మీద నేనూ వీబే.
నీళ్ల కింద రెండు వెలుగులు
పోయిన తాళంచెవి వెతుక్కుంటున్నట్టు
ఒక స్తంభం దగ్గర్నుంచి ఇంకో స్తంభం దగ్గరికి.

ఉన్నట్టుండి రెండూ ఆరిపోయాయి.

వీబే లేచి నిలబడ్డాడు.
"వాళ్లే ఆర్పారు," అన్నాను. "ఈ నాలుగు రాత్రులే,
ఆవగింజంత పురుగులు, ఆడవాటిని పిలవడానికి
చుక్క మీద చుక్క పెట్టి
నీలం మెరుపు దండలు గుచ్చుతాయట.
దీపముంటే కనపడవు."
అతను కూర్చోలేదు.
మనిషి ఊపిరి బిగబట్టడం
అంత దగ్గర్నుంచి ఎప్పుడూ వినలేదు నేను.
నల్లటి నీళ్లు. ఉప్పు గుట్టల మీంచి గాలి.
ఎవరిదో బండిలో రేడియో, పాట మధ్యలో ఆపేశారు.
గాలి లెక్కలు నాకు తెలుసు,
చీకటికి గేజీ లేదు.

ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా తలలు తేలాయి.

"ఒక చేపను చంపాను," అంది, మాస్కు తీయకుండానే.
"చూస్తూ ఉండిపోయాను. చూడకపోతే బతికేది."
చాలా సేపటికి,
"అందుకే ఆర్పేద్దామని సైగ చేశాను," అంది.

"ఆర్పాక?" అన్నాడు వీబే.

ఆమె చెయ్యెత్తి గాలిలో ఒక చుక్క పెట్టింది,
దాని పైన ఇంకొకటి, ఇంకొకటి,
మునివేళ్ల మీద లేచి, అందనంత ఎత్తులో ఆగిపోయింది.

నేను గేజీ చూశాను. సగానికి పైనే ఉంది.
గిట్టిందా అని అడగలేదు.

వీబే చేతులు దీపం కిందకు తెచ్చుకుని
వేళ్ల మీద గంటలు మళ్లీ లెక్కపెట్టాడు.
ఈసారి సరిపోలేదు.