ఫ్రిజ్‌లో పెట్టొద్దు

వెన్నులోంచి తీసిన నీరు
రెండు మిల్లీలీటర్లు,
బియ్యం కడిగిన నీళ్ల రంగులో.
వార్డుబాయ్ గవిరేసు బల్ల మీద పెట్టబోతుంటే
ట్యూబు లాక్కుని పిడికిట్లో మూశాను,
పొదిగే కోడికి సాయం వెళ్లినదానిలా.

రాత్రి పదకొండున్నర.
పెద్దాసుపత్రి కింద సముద్రం తన పని తాను చేసుకుంటోంది.
కేస్ షీట్లో: ఢిల్లేశ్వర్రావు, పదకొండేళ్లు, సబ్బవరం.
జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోయింది.
మామూలు మెదడువాపనే అనుమానం.
మూడు డోసులకీ మాట వినలేదు.

ఒంటిచేత్తోనే ఒక చుక్కకి రంగు వేశాను.
బ్యాక్టీరియా లేదు.
చీముకణాలు మాత్రం
తీర్థం అయ్యాక ఇసకలో పడుకున్న జనంలా
ఎక్కడివక్కడ.

హౌస్ సర్జన్ యామిని ఫోన్లో:
"ఇంకేం చూడాలి మేడం?"
చూడ్డం తర్వాత, ముందు అడుగు.
పిల్లాడు ఎక్కడ ఈతకొట్టాడో అడుగు.

సముద్రంలోనేమో అంటారు అందరూ.
ఈ ఊళ్లో నీళ్లు చేసిన నేరాలన్నీ సముద్రం ఖాతాలోకే.
కానీ ఉప్పు దానికి పడదు.
దానికి కావాల్సింది ఎండకి కాగిన మంచినీళ్లు,
కదలని నీళ్లు,
ముక్కు మూసుకోకుండా దూకే పిల్లాడు.

ఫోన్ వాళ్లమ్మ రామలచ్చిమి చేతికెళ్లింది.
"సంద్రం కాదమ్మా, కంకర క్వారీ గోతిలో.
వారం కిందట. గుంటలందరూ దిగినారు,
ఈడొక్కడికే ఇలగైంది.
మొన్న ఎండుసేప కాలస్తంటే
వాసనే రాలేదన్నాడు. నాను నవ్వీసినాను."

ముక్కు పైన జల్లెడలాంటి ఎముక ఒకటుంటుంది.
వాసనలు లోపలికెళ్లే దారి.
అదే దారి పట్టింది అది కూడా.

నాలుగేళ్ల కిందట ఒక ట్యూబు.
పేరు చెప్పను. నాకు గుర్తుంది.
పొద్దున చూద్దామని ఫ్రిజ్‌లో పెట్టాను.
చలికి అది ముడుచుకుంటుంది,
ముడుచుకుంటే తెల్లకణంలాగే ఉంటుంది.
పొద్దున నేను తెల్లకణాలు అనే రాశాను.
సంతకం కూడా పెట్టాను.

ఇప్పుడొక చుక్క.
రంగు వద్దు, ఏమీ వద్దు.
పైన కవర్ స్లిప్. లైటు తగ్గించాను.
ఒక నిమిషం. రెండు.
ఫ్యాను చప్పుడు. హార్బరులో ఓడ కూత.
పక్కనున్నవాళ్లని లేపకుండా
ఎవరో లేచి వెళ్తున్నట్టు
కణాల మధ్యలోంచి ఒకటి
మొద్దుగా ఒక పాదం చాపింది.
ఒళ్లంతా ఆ పాదంలోకి ఒంపుకుంది.
మళ్లీ చాపింది.

అందంగా ఉంది.
ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

తర్వాతవేవీ నా చేతిలో లేవు:
వెలుతురు తగలకుండా గుడ్డ కప్పిన పసుప్పచ్చ సీసా,
కాలాజార్ కోసం పుట్టి
పట్నా నుంచి ఎవరి సంచిలోనో విమానమెక్కిన మాత్రలు,
మెదడు ఉబ్బకుండా చల్లబరిచిన చిన్న ఒళ్లు.
బతికినవాళ్ల లెక్క వేళ్ల మీద చెప్పేయొచ్చు.
రామలచ్చిమికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

పన్నెండో రోజు ఎడమ కన్ను తెరిచాడట.
పదహారో రోజు నీళ్లడిగాడు.
నీళ్లు అనగానే
ఐసీయూ అంతా ఓ క్షణం ఆగిపోయిందని యామిని చెప్పింది.

వాసన ఇంకా రాలేదు.
వాళ్లమ్మ రోజూ ఏదో ఒకటి ముక్కు దగ్గర పెడుతుంది,
కరివేపాకు, సబ్బుబిళ్ల, వాళ్ల నాన్న చొక్కా.

నేను వాణ్ణి ఇంతవరకూ చూడలేదు.
మా గది తలుపుకి ఎర్ర సిరాతో ఒక కాగితం అంటించాను:
వెన్నునీరు ఫ్రిజ్‌లో పెట్టొద్దు.
ఉప్పుగాలికి నెలకోసారి ఊడిపోతుంది.
మళ్లీ అంటిస్తాను.