నీడకి తగ్గింపు ధర

ఇల్లు చూపించిన కుర్రాడు
పెరటి తలుపు దగ్గర గొంతు తగ్గించాడు.
"ఉత్తరం వైపు. ఎండ పడదు.
అందుకే ధర కూడా కాస్త..."
ఇంట్లో రోగి ఉన్నట్టు
అక్కడే ఆపేశాడు.

నాకు నవ్వొచ్చింది.
రెంటచింతల వడగాడ్పుల్లో పుట్టినదాన్ని.
నిలువ నీడ లేదంటే
ఇల్లే లేదని అర్థమయ్యే భాష నాది.
ఇంత నీడకి
హాలిఫాక్స్‌లో ఎదురు డబ్బిస్తున్నారు!
సంతకం పెట్టేశాను.

తర్వాత తెలిసింది.
బంతి బతకలేదు. గులాబీ అలిగింది.
కొత్తిమీర మొలిచి, చుట్టూ చూసి, వెనక్కి పోయింది.
నల్లరాతి గోడ మీది నాచు తప్ప
నాతో మాట కలిపినవాళ్లు లేరు.

గోడ అవతల క్లిఫర్డ్ సగ్డెన్.
తివాచీల మిల్లులో నలభై ఏళ్లు రంగులు కలిపినవాడు.
మే నెలలో ఒక ఆదివారం
పెరుగు డబ్బాలో ఏదో అందించాడు.
అరంగుళం ఆకులు, ఐదు.
నీలమా, బూడిదా, పచ్చా,
ఆయనే తేల్చుకోలేదట.
"హోస్టా. మరుగుజ్జు రకం. ఎలుక చెవులంటారు."
ముట్టుకుంటే నిజమే,
మందంగా, చల్లగా,
ఏదో వింటున్నట్టు.

నా పని కట్టుడు పళ్లు చెక్కడం.
పగలంతా భూతద్దం కింద
పరాయి నోళ్ల మిల్లీమీటర్లు.
పాత రాతి సింకు ఒకటి, మూతలేని టీ కెటిల్ ఒకటి,
అడుగున కంకర, పైన ఆకుమన్ను,
పళ్లు సర్దే పట్టకారు పక్కన పెట్టి
వేళ్లతోనే వేళ్లు విడదీసి నాటాను.

వేసవి ముగిసేసరికి పదకొండు రకాలు.
అంచుకి తెల్ల జరీ ఉన్నదొకటి,
నిమ్మతొక్క రంగుదొకటి,
రూపాయి బిళ్లంత చోటులో
తొమ్మిదాకులు సర్దుకున్నదొకటి.
అగ్గిపుల్లంత కాడ లేపి
లేత ఊదా గంటలు కట్టుకున్నాయి.
మోగవు.
తుమ్మెద ఒకటి తల దూర్చి
ఒళ్లు పట్టక తంటాలు పడింది.

రాత్రి పదింటికి టార్చి.
ఇల్లు మోసుకురాని నత్తలు
తడి గోడ దిగి, వెండి దారులు గీసుకుంటూ
భోజనానికొస్తాయి.
పెద్ద హోస్టాకి చిల్లు పడితే చిల్లే.
నా దానికి చిల్లు పడితే ఇక ఆకే లేదు.
వెల్లుల్లి కాచి చల్లాను. రాగి పట్టీ చుట్టాను.
చివరికి చెంచాతో ఏరి
వీధి చివర చర్చి గడ్డిలో వదిలొచ్చేదాన్ని.
"నీకన్నా ముందే ఇంటికి చేరతాయవి"
అనేవాడు సగ్డెన్.

నవంబరులో ఒక పొద్దున
ఆకులన్నీ ఉడికిన ఉల్లిపొరల్లా వాలిపోయాయి.
వారానికి అవీ లేవు.
మన్ను. మన్నులో గుచ్చిన పేర్లు.
సగ్డెన్ ఉంటే చెప్పేవాడే.
ఆ నెలే తుంటి ఆపరేషనని తీసుకెళ్లారు ఆయన్ని.
మా వైపు మొక్క చచ్చేది ఎండకి.
చలికి మాయమైతే ఏమంటారో
నాకు మాట తెలియదు.
పోయాయనుకున్నాను.
సింకూ కెటిలూ కంపోస్టు కుప్ప మీద బోర్లించాను.
పేరు చీటీలు మాత్రం కడిగి
సొరుగులో పెట్టాను, ఎందుకో.

ఏప్రిల్లో కర్రతో తిరిగొచ్చాడు.
గోడ మీంచి ఖాళీ సింకుని చూశాడు. నన్ను చూశాడు.
ఏమీ అనకుండా
కర్ర ఎత్తి కుప్ప వైపు చూపించాడు.

టీ పిప్పి, గుడ్డు పెంకుల నడుమ
బియ్యపు గింజంత ఊదా మొనలు.
ఒకటి, మూడు, ఆ పెంకు కింద ఇంకో రెండు,
మొత్తం పద్దెనిమిది.
పాలపళ్లు పొడుచుకొచ్చేది అచ్చం ఇలాగే.
చిగురంటే పంటిదీ, చెట్టుదీ.
ముప్పై ఏళ్లు
ఒక్క అర్థంతోనే బతికేశాను.

సొరుగులోంచి పేర్లు తెచ్చాను.
ఏది ఎవరో
ఆకు విప్పితే గానీ తెలియదు.
చినుకులు మొదలయ్యాయి.
ఇద్దరం కదల్లేదు,
ఆయన కర్ర మీద, నేను మోకాళ్ల మీద,
ధర తగ్గించి ఇచ్చిన నీడలో.