సోమవారం వేలిముద్ర

బడి మాకు ఇచ్చేశారు.
తాళంచెవి ఒకటే. దాని తాడుకి తూటా పెంకు కట్టి ఉంది.
పదకొండేళ్ళు కానుగ చెట్టు కింద చెప్పిన పాఠాన్ని,
పగిలినవి పోగా మిగిలిన మార్కాపురం పలకల్ని
పిల్లలూ నేనూ లోపలికి మోసుకొచ్చాం.

యుద్ధం అయిపోయిందన్నాడు దోర్నాల నుంచి వచ్చిన పెద్దసారు.
దుప్పట్లు పంచాడు, వాలీబాల్ నెట్టు ఇచ్చాడు.
ఆడే వయసు వాళ్ళలో కొందరు అడవిలోనే పోయారు.
కొందరు పలకల గనుల్లో దుమ్ము దగ్గుతున్నారు.
నెట్టు ఇప్పుడు కుడుముల పోతమ్మ మేకల దొడ్డికి కంచె.

కిటికీలకు పేర్చిన ఇసుక బస్తాలు తీసేశాం.
ఒకదాంట్లో పిట్ట గూడు, మూడు గుడ్లు.
దాన్ని అక్కడే ఉంచాం.

నల్లబల్ల మీద వాళ్ళు గీసిన గూడెం అలాగే ఉంది.
ఇరవై ఆరు ఇళ్ళు, ఇరవై ఆరు అంకెలు,
వాగు దాటే రాళ్ళు సహా.
తొమ్మిదో ఇంటి చుట్టూ ఎర్ర సుద్ద.
"సార్, అది మా ఇల్లు" అని చెయ్యెత్తింది అంకాలు.
ఊరి పటం గీయడం మూడో తరగతి పాఠమే.
ఇంత బాగా నేనెప్పుడూ గీయలేదు.

హాజరు పిలిస్తే
ఈదన్న మనవడు నిటారుగా లేచి
తండ్రి పేరు, ఇంటి నంబరు, ఎక్కణ్ణించి వస్తున్నదీ చెప్పాడు.
"ఉన్నాను సార్" అంటే చాలురా అన్నాను.
వాడు నమ్మలేదు.

మూల గోనెసంచిలో పాత రిజిస్టర్లు.
గొడ్డలి అప్పజెప్పిన టైము, తిరిగి తీసుకున్న టైము.
తేనెకు పోయినవాళ్ళెందరు, తిరిగొచ్చినవాళ్ళెందరు.
మనిషికి మూడు గుప్పిళ్ళ బియ్యం.
నాలుగో గుప్పిడి ఎవరికి? అని రాసి
పక్కన గీత గీసి వదిలేశారు.

పోతమ్మ వచ్చి గడప అవతలే కూర్చుంది.
"మా గురవన్న సోమవారాలు చూపించు సారూ."

అక్షరం రాదు ఆమెకి. ఆ బొటనవేలు వచ్చు.
కొండ చరియ మీద తేనెతాడు ఒరుసుకుని
అడ్డంగా తెగిన గాటు, దాని మీద చిన్న వంపు.
తాడు పట్టింది ఆమె తమ్ముడే.
మాలో తాడు బామ్మర్దే పట్టాలి,
అక్క బతుకు వాడి గుప్పిట్లో ఉంటుంది కదా అంది.
అంటూనే పేజీలు తిప్పుతోంది.
ఇదీ. ఇదీ. ఇది జొరం వచ్చిన వారం, సరిగా పళ్ళేదు.
ఇదీ.

తర్వాత వేలు ఆగింది.

"ఇది ఆయనది కాదు."

గాటు లేదు. నున్నటి వేలు, లావుపాటిది.
ఆ సోమవారం, తర్వాత ఇంకో రెండు సోమవారాలు,
మనిషి కనపడకుండా పోయాక కూడా
గురవన్న వచ్చి వేలిముద్ర వేసి వెళ్ళాడు రిజిస్టర్లో.
క్షేమంగా పంపించామన్న కాగితానికి
ఈ మూడు ముద్రలే కాళ్ళు.

"ఎవరిది సారూ ఈ వేలు?"
ముద్రని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.
"వాడికి తెలిసే వేశాడంటావా?"

ముద్ర కింద ఒక వరస ఉంది, నీలి సిరాతో.
నా ఎదుట వేయబడినది అని.
దాని కింద సంతకం, గుండ్రటి అక్షరాలు,
పిల్లలకు దిద్దిపెట్టే చేతిరాత.

ఆ రోజు టీ ఇచ్చారు.
ఈ నెలాఖరుకి బడి ఖాళీ చేస్తాం మాస్టారూ అన్నారు.
పేజీ మీద అప్పటికి ముద్రలేమీ లేవు.

పోతమ్మ వేలు ఆ వరస మీదుగా పోయింది,
మళ్ళీ వెనక్కి వచ్చింది.
"ఇక్కడేం రాశారు సారూ?"

పదకొండేళ్ళు ఈ గూడెంలో చదువు చెప్పాను.
పెద్దవాళ్ళకు రాత్రిబడి పెట్టమని ఆమే రెండుసార్లు అడిగింది.
లాంతరుకి కిరోసిన్ లేదని చెప్పాను.