తరుగు

పగలంతా మిర్చి యార్డులో
టిక్కీకి ఇంతని తరుగు రాస్తాను.
రాత్రి బ్రాడీపేట మేడగదిలో
తరుగు లేని జాజ్ దించుకుంటాను.
ఒక్కో ఆల్బమ్ అర గిగాబైటు,
కరెంటు పోతే మళ్లీ మొదటికి.

ఎవరో ఓపిగ్గా గీతలు తుడిచారు.
హెడ్‌ఫోన్స్‌లో ఇప్పుడు
శాక్సఫోన్ ఎత్తే ముందు
అతను పీల్చిన గాలి కూడా వినబడుతుంది.
సరిగ్గా అప్పుడే నాకు ఘాటు దగ్గు.

పరిశుద్ధరావు మాస్టారి క్యాసెట్‌లో ఇదే ట్యూను
రెండో నిమిషంలో టేపు నలిగి తడబడేది.
"ఆగరా, లేస్తాడు" అనేవారు.
ఆయనా లేరు, క్యాసెట్టూ బూజు పట్టింది.

పన్నెండు ప్రతులు కూడబెట్టాను.
అన్నిట్లోనూ ఆ చోటు నున్నగా ఉంది.
ఎవరూ పడరు.

అక్కడికి రాగానే
బల్ల మీద నా వేలు
ఒక దెబ్బ తప్పుతుంది.