లంద పద్దు

భోలక్‌పూర్ తోళ్ల కార్ఖానా మూతబడ్డ ఎన్నేండ్లకో
పాత సామాన్ల కొట్టుల, తూకానికి వేసిన కాయితాల కింద
దొరికింది ఈ పద్దు పుస్తకం.
తోలు అట్ట. మా తోలే కావొచ్చు.
ఉర్దూలో రాసింది, నాకు రాదు.
తెలుగు పుస్తకం లెక్క ఎడమ నుంచి తెరిచిన,
అందుకే ముందుగాల ఆఖరి రోజు కనబడ్డది.

పక్కగల్లీ ఫర్హానా వేలు పెట్టి చదివింది:
"ఆఖరి హిసాబు. ముప్పై నలుగురు.
మనిషికి నాలుగు వేల నూట పది."
పేర్ల పక్కన వరుసగా నల్ల మచ్చలు.
వేలిముద్రలైతే గీతలుండాలె గదా, అన్నది.
నలభై ఏండ్లు సున్నం నీళ్లల్ల నానిన
బొటనవేళ్లకు గీతలెక్కడివి?
మొన్న రేషన్ దుకాణంల మిషను సుత
మా తాత బాలమల్లును గుర్తుపట్టలేదు.
ఆరుసార్లు తుడిచి తుడిచి పెట్టిండు.
"నువ్వు నువ్వు కాదంటున్నది తాతా"
డీలరు నవ్విండు.
తాత కూడ నవ్విండు, ఖాళీ సంచి మడత పెట్టుకుంట.

పేజీలు తిప్పినకొద్ది కాలం వెనక్కి నడిచింది.
ఒక ఎండాకాలం, నీళ్ల బాకీ.
ఒక యుద్ధం, బూట్ల అడుగులకు దొడ్డుతోలు,
"వానలకు ఎండలేదు, మన్నించాలె."
ఒక పేజీల ఎర్ర సిరా:
"ఆరో గుంతల పడి ఒకడు. బొంద తవ్విన కూలి పన్నెండు రూపాయలు."
పేరు రాయలేదు మున్షీ.
తాతను అడిగితే, పొద్దుగూకినంక చెప్త అన్నడు.
చెప్పలేదు.

ఏ యేడు చూసినా "తంగేడు చెక్క, బండ్లు పదహారు."
ఆ చెక్కంత దంచింది మా అవ్వ నాగవ్వ.
పువ్వు బతుకమ్మ నెత్తినెక్కేది,
చెక్క మా లందల మునిగేది.
ఒకటే చెట్టు.
ఆటకాడ మాత్రం అవ్వకు
గాలి పోయే దిక్కు జాగ చూపెట్టేటోళ్లు.
పద్దుల ఆమె పేరు లేదు.
రోలు మరమ్మతు ఉన్నది, రోకలి పొన్ను ఉన్నది.

ఆఖరికి, అంటే మొట్టమొదటి పేజీకి, వచ్చినం.
"గుంతలు పదకొండు. సున్నం. కరక్కాయ. దొడ్డుప్పు.
పచ్చితోళ్లు డెబ్బై.
కొత్త పిల్లగాడు ఒకడు, పేరు బాలమల్లు, రోజుకు రెండణాలు."
ఆ పక్కన ఒక బొటనవేలు,
పావలా బిళ్ల కన్న చిన్నది.
గీతలన్నీ ఉన్నయి.
ఒకదాంట్లకెల్లి ఒకటి సుడి తిరిగినయి,
నడుమ కొడవలి గాటు ఒకటి,
ఇంకా సున్నం చూడని వేలు.

తాతను పిలిచిన.
అద్దాలు పంచె కొసతోని తుడుచుకొని
పుస్తకం ఎండకు పట్టి
శానసేపు చూసిండు.
"ఎవల పోరనిదిర ఇది?"